రెండో బ్రేకు

పోయిన వారం మాస్టార్ని ఒక చెప్పు వేసుకుని, రెండోది వేసుకోవాలా వద్దా అని గుమ్మంలో తటపటాయిస్తుండగా వదిలేశాం. కారు గోడకు గుద్దుకుని నెల దాటింది. ఆ వేళ స్టీరింగు పట్టుకుని నేర్చుకుంటున్న టీచరమ్మకి చెయ్యి విరిగింది. పక్కన కూర్చున్న మాస్టారికి చిన్న గీత కూడా పడలేదు. "ఆవిడ బ్రేకనుకుని యాక్సిలరేటర్ తొక్కేసింది" అని డ్రైవింగ్ స్కూలు ఓనరుకి చెప్పాడు, డాక్టరుకి చెప్పాడు, ఇంట్లోనూ చెప్పాడు. అందరూ నమ్మారు. ఇల్లాలు మాత్రం ఆ పొద్దున ఆయన నోటి వాసన సంగతేమిటని అడిగింది.

ఆవిడ మళ్లీ ఆ ఊసెత్తలేదు. బస్సు డిపో వెనక బడిలో, చివరి గదిలో, ఆదివారం సాయంత్రాలు తాగుడు మానాలనుకునేవాళ్లు కలిసి కూర్చుంటారట, ఆస్పత్రి కాంపౌండరు చెప్పాడు, వెళ్లి రండి అంది. వెళ్లకపోతే ఏమవుతుందన్నాడు మాస్టారు.

"నేనూ పిల్లా అన్నయ్య ఇంటికెళ్లిపోతాం. మమ్మల్ని తీసుకెళ్లడానికి మీరు రావద్దు" అంది బట్టలు మడతపెడుతూ.

ఆవిడ గొంతు పెంచి ఉంటే బాగుండేది. తనూ పెంచేవాడు, తలుపు ధడాలున వేసేవాడు, ఆ కోపం మీద బయటికెళ్లి తాగడానికి ఓ వంక దొరికేది. ఆవిడ మాత్రం నింపాదిగా పిల్ల గౌను మడిచి సంచిలో పెట్టింది. అది చూసి మాస్టారు రెండో చెప్పు కూడా వేసుకున్నాడు.

అసలు చిక్కంతా అక్కడే మొదలైంది. ఆ ఊళ్లో స్టీరింగు పట్టినవాళ్లలో సగం మంది ఆయన శిష్యులే. పాఠం చెప్పేటప్పుడు "బ్రేకు... బ్రేకు... బ్రేకు!" అని అరిచే అరుపుకి 'బ్రేకు మాస్టారు' అన్న పేరు స్థిరపడిపోయింది. మామూలు రోజుల్లో ఎవరైనా హారన్ కొట్టి పలకరిస్తే ఆయన ఛాతీ కాస్త ఉబ్బేది. ఇవాళ ప్రతి హారనూ తనని పట్టివ్వడానికే మోగుతున్నట్టుంది. గోడల వారగా, తేలు కుట్టిన దొంగలా నడిచాడు.

ఎంత ఒదిగి నడిస్తే ఏం లాభం! ఓ కారు వచ్చి సరిగ్గా పక్కనే ఆగింది. మందుల షాపు యజమాని, మాస్టారి దగ్గర రివర్సు నేర్చుకోడానికి నానా తంటాలూ పడ్డ పెద్దమనిషి.

"నడిచి వెళ్తున్నారేంటి మాస్టారూ? ఎక్కండి, దింపేస్తాను."

"పర్లేదండి, ఇక్కడికే."

"ఇక్కడికంటే ఎక్కడికి?"

మాస్టారు నోటికి ఏదొస్తే అది అనేశాడు. "బడిలో కంప్యూటర్ క్లాసు పెట్టారంటే... చూద్దామని."

"ఈ వయసులోనా! శభాష్!" అని ఆయన తలుపు తీశాడు. దారంతా తన కొడుక్కి ఇలాంటి బుద్ధి లేదని వాపోతూ, మాస్టార్ని తెగ మెచ్చుకుంటూ తీసుకెళ్లి బడి నీలం గేటు ముందు దింపాడు. ఆ మెచ్చుకోలు వింటూ మాస్టారు సీట్లో ముడుచుకుపోయాడు. అబద్ధానికి చీవాట్లు తినడం ఆయనకి అలవాటే గాని, మెప్పు పొందడం కొత్త.

గేటు దగ్గర బడి ఆయా స్టూలేసుకుని కూర్చుని ఉంది. మాస్టారు కంప్యూటర్ క్లాసు ఎక్కడని అడిగాడు.

"అది పొద్దున్నే బాబూ, పిల్లలకి" అంది ఆయా. ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది. "ఆదివారం సాయంత్రం ఈ గేటు దగ్గరికి ఎవరొచ్చినా ఏదో ఒకటి చెప్తారు. ఒకాయన కరెంటు మీటరు చూడాలన్నాడు. ఇంకొకాయన వాళ్ల పిల్లాడి టిఫిన్ డబ్బా మర్చిపోయాడన్నాడు. తర్వాత తెలిసింది, ఆయనకసలు పెళ్లే కాలేదు. నేరుగా వెళ్లి కుడివైపు తిరుగు. చివరి గది."

మాస్టారి ముఖం కందగడ్డయింది. "నేను అందుకు కాదు" అనబోయి మానేశాడు. ఆయా అప్పటికే అటు తిరిగి, తను నవ్వడం ఆయనకి కనబడకుండా చూసుకుంటోంది. ఆ మాత్రం మర్యాద కూడా ఆయనకి భారంగానే తోచింది.

ఖాళీ బడి. వరండా పొడుగునా పిల్లలు వేసిన బొమ్మలు. కుడివైపు తిరిగాడో లేదో, చివరి గది కిటికీ పక్కన బెంచీ మీద కూర్చుని ఉంది టీచరమ్మ. కుడిచెయ్యి మణికట్టు నుంచి మోచేతి దాకా కట్టులో ఉంది.

మాస్టారు ఉన్నచోటే ఆగిపోయాడు. ఆవిడ ఏదో బడిలో పాఠాలు చెప్తుందని తెలుసు. ఏ బడి అని ఇన్నాళ్లలో ఒక్కసారి కూడా అడిగిన పాపాన పోలేదు. ఆస్పత్రికి కూడా మొదటి రోజు ఓనరుతో వెళ్లాడంతే. ఆ తర్వాత ఆవిడ ఉండే వీధి వైపు కారు తిప్పడమే మానేశాడు.

"అయ్యో, మాస్టారూ!" అంటూ ఆవిడ లేచింది. ముఖం విప్పారింది. "నన్ను చూడ్డానికొచ్చారా? ఇక్కడున్నానని ఆయా చెప్పిందా?"

అవునని తల ఊపాడు మాస్టారు. అంత తేలిగ్గా తల ఊగింది.

"మీరు రాకపోతే నేనే వద్దామనుకున్నా. మీ ముఖం చూడ్డానికి నాకే సిగ్గేసింది. ఎంత ఓపిగ్గా నేర్పారు! నేను చేసిన పనికి మీ పేరు పోయింది."

"అదేం లేదమ్మా..."

"ఓనరుగారు మిమ్మల్ని తీసేస్తానంటున్నారని తెలిసి వెళ్లి చెప్పొచ్చాను. తప్పు నాది, మాస్టార్ని ఏమీ అనొద్దు అని." కట్టు కట్టిన చేతిని రెండో చేత్తో సర్దుకుంది. "ఒక్కటే అర్థం కాదు మాస్టారూ. నాకు బ్రేకే తొక్కినట్టు గుర్తు. రోజూ ఎలా తొక్కేదాన్నో అలాగే. కానీ ఆగలేదు. యాక్సిలరేటరని మీరన్నారు కాబట్టి అదే అయ్యుంటుంది. నా కాలు నాకే తెలియకుండా ఏం చేస్తోందో అని ఇప్పుడు మెట్లు దిగాలన్నా భయమేస్తోంది. పిల్లల్ని రోడ్డు దాటించే పని ఇంకో టీచరుకిచ్చేశాను."

ఇక్కడ చదివేవాళ్లకి ఓ సంగతి చెప్పాలి. నేర్పే కారులో మాస్టారి కాళ్ల దగ్గర ఇంకో బ్రేకు ఉంటుంది. అది ఉందని నేర్చుకునేవాళ్లకీ తెలుసు. తెలియనిదేమిటంటే, మొదట్లో వాళ్లు తొక్కే ప్రతి బ్రేకులోనూ సగం పైగా మాస్టారి కాలిదే. వాళ్లు సుతారంగా అలా కాలు ఆనిస్తారు, ఈయన ఇటు గట్టిగా తొక్కుతాడు, కారు బుద్ధిగా ఆగుతుంది. "చూశారా, ఎంత బాగా ఆపారో!" అంటాడు. ధైర్యం రావడం కోసం ఆ మాట. తర్వాత తర్వాత మెల్లగా తన కాలు తగ్గించుకుంటూ వస్తాడు. అందరు మాస్టర్లూ ఇలా చెయ్యరు. ఇది బ్రేకు మాస్టారి సొంత పద్ధతి. టీచరమ్మ విషయంలో ఆయన కాలు తగ్గించే రోజు ఇంకా రాలేదు. ఆ పొద్దున ఆవిడ ఎప్పటిలాగే సుతారంగా కాలు ఆనించింది. ఇటువైపు మాస్టారు రెండు కాళ్లూ పైకి మడిచిపెట్టుకుని, తలుపుకి జారగిలబడి, కళ్లు మూసుకుని ఉన్నాడు. ముందురోజు తాగింది దిగక, దిగడానికని పొద్దున్నే మరికాస్త తాగి బండెక్కాడు.

ఆవిడ తన కాలిని తనే నమ్మడం మానేసింది. ఆ సంగతి ఆవిడ నోటితోనే వింటుంటే మాస్టారికి చచ్చిపోవాలనిపించింది. "వస్తానమ్మా, జాగ్రత్త" అని వెనక్కి తిరిగాడు. గేటు బయటపడితే చాలు. ఇల్లాలితో ఏదో ఒకటి చెప్పొచ్చు, గది తాళం వేసి ఉందని చెప్పొచ్చు.

"ఒక్క నిమిషం మాస్టారూ, మా నాన్నని చూసి వెళ్లండి. లోపలే ఉన్నాడు" అంది టీచరమ్మ. "మీ దగ్గర దాపరికం ఏముంది? మా నాన్న బాగా తాగేవాడు. ఇప్పుడు మానేశాడు. ఇలాంటివాళ్లంతా ఈ గదిలో కలుస్తారు. గది కూడా నేనే హెడ్మిస్ట్రెస్‌ని అడిగి ఇప్పించాను."

నాన్న గురించి ఎంత హాయిగా చెప్పేసిందో! మాస్టారు నోరెళ్లబెట్టి చూశాడు. ఆ మాట పలకలేకే కదా తను ఊరంతా కంప్యూటర్లు మోసుకు తిరిగింది.

అంతలో గది తలుపు తీసుకుని ఓ పెద్దావిడ బయటికొచ్చింది. నెరిసిన జుట్టు, ముఖంలో నిదానం. "కొత్తవారా? రండి బాబూ, మొదలుపెడుతున్నాం" అంది.

"కాదు నర్సమ్మా" అంది టీచరమ్మ నవ్వుతూ. "ఈయన మా డ్రైవింగ్ మాస్టారు. నన్ను పలకరించడానికొచ్చారు."

నర్సమ్మ మాస్టారి వంక చూసింది. తలుపు తీసే ఉంచింది.

ఆయన వెళ్లిపోవచ్చు. టీచరమ్మే తెలియకుండా ఆయన తరఫున అబద్ధం చెప్పేసింది, ఆయన చెయ్యాల్సిందల్లా నవ్వి ఊరుకోవడమే. కానీ సంచిలో మడిచిపెట్టిన పిల్ల గౌను గుర్తొచ్చింది.

"లేదమ్మా" అన్నాడు. తన గొంతు తనకే వినపడనంత చిన్నగా. "నిన్ను చూడ్డానికి రాలేదు. నువ్విక్కడున్నావని తెలిస్తే అసలు వచ్చేవాణ్ణే కాదు. నేనొచ్చింది ఆ గదికే."

టీచరమ్మకి వెంటనే అర్థం కాలేదు. మర్యాదగా పక్కకి జరిగి దారిచ్చింది. ఆయన ఆవిడని దాటుకుని లోపలికి వెళ్తుంటే, ఆవిడ ముఖంలో నవ్వు మెల్లగా ఆరిపోవడం కనబడింది. మాస్టారు తల దించేసుకున్నాడు.

లోపల అంతా ఒకటో తరగతి పిల్లల బెంచీలు. పెద్ద పెద్ద మనుషులు మోకాళ్లు గడ్డానికి తగిలేలా ముడుచుకుని కూర్చున్నారు. మాస్టారు కూడా అలాగే ఇరుక్కుని, కుక్కిన పేనులా కూర్చున్నాడు. ఇలా కూర్చున్నాక ఎవరి దర్జా వాళ్లకుండదు గనక ఈ గది ఎంచుకోవడం ఒకందుకు మంచిదే అయింది.

"ఇక్కడ పేర్లతో పని లేదు" అంది నర్సమ్మ. "నేను నర్సుని. రోగులకి సెలైన్ సీసా తగిలించిన చేత్తోనే ఇంటికెళ్లి నా సీసా అందుకునేదాన్ని. ఎవరికీ అనుమానం రాలేదు, ఆడదాన్ని కదా. ఇవాళ తాగలేదు. రేపటి సంగతి రేపు. ఎవరు మాట్లాడతారు?"

కిటికీ పక్క బెంచీ మీద నుంచి ఒకాయన లేచాడు. వెడల్పాటి చేతులు, ఒక బొటనవేలు గోరు నల్లబడి ఉంది. తను వడ్రంగినన్నాడు. అచ్చు టీచరమ్మలాగే నెమ్మదిగా మాట్లాడటం వినగానే మాస్టారికి అర్థమైంది, ఈయన టీచరమ్మ తండ్రి.

"నేను తాగి ఉలి పట్టుకున్న రోజుల్లో మా అమ్మాయి నాకు దూరంగా కూర్చుని చదువుకునేది. చెక్కపొట్టు ఎగిరి కళ్లలో పడుతుందని అనేది. నేనంటే భయం కొద్దీ అని నాకు తెలుసు" అన్నాడు. "మానేశాను. కార్ఖానాలో కూడా మళ్లీ పని ఇచ్చారు. నన్ను పక్క ఊరి ఆస్పత్రికి తిప్పడానికని అమ్మాయి కారు నేర్చుకోబోయింది, చెయ్యి విరగ్గొట్టుకుంది. ఆ రోజు ఆస్పత్రి నుంచి తిన్నగా మందు షాపు దాకా వెళ్లాను. గుమ్మం దగ్గర ఆగాను. ఇది ఎవరి తప్పూ కాదు, అమ్మాయి పొరపాటు పడింది, దానికి నేను తాగడం దేనికి అని సర్దిచెప్పుకున్నాను. ఆ ఒక్క మాట పట్టుకునే ఇన్నాళ్లూ నిలబడ్డాను." అని కూర్చున్నాడు.

అందరూ చప్పట్లు కొట్టారు. మాస్టారి చేతులు మాత్రం ఒళ్లోంచి కదల్లేదు. ఎవరి తప్పూ కాదన్న మాట మీద ఆ మనిషి నిలబడ్డాడు. ఆ మాట అబద్ధమని చెప్పగలిగినవాడు ఈ గదిలో తనొక్కడే. చెప్తే ఆయన ఏమైపోతాడు? చెప్పకపోతే ఆవిడ జన్మంతా మెట్లు దిగడానికి భయపడుతూ బతకాలా? మింగలేక కక్కలేక అటూ ఇటూ చూశాడు. కిటికీ ఊచల అవతల టీచరమ్మ నిలబడి ఉంది. తండ్రి వైపు కాదు, తన వైపే చూస్తోంది.

లేచి నిలబడబోయి బెంచీకి మోకాలు కొట్టుకున్నాడు.

"నేను డ్రైవింగ్ మాస్టార్ని" అన్నాడు.

వడ్రంగి తలెత్తాడు. "మాస్టారూ, మీరా!" అన్నాడు ఆప్యాయంగా. ఆ ఆప్యాయత ముందు నోరు మూసుకుని కూర్చుండిపోవాలనిపించింది మాస్టారికి. కానీ ఈసారి కూర్చుంటే మళ్లీ లేవలేనని తెలుసు.

"మీ అమ్మాయి పొరపాటేం పడలేదు. నా వైపు ఇంకో బ్రేకుంది. రోజూ తను కాలు ఆనిస్తే నేను తొక్కేవాణ్ణి. అందుకే ఆగేది. గట్టిగా తొక్కాలని తనకి తెలీదు, నేను నేర్పలేదు. ఆ రోజు నా కాలు బ్రేకు మీద లేదు. తాగి ఉన్నాను. నిద్రపోతున్నాను. గుద్దుకున్న చప్పుడికే మెలకువ వచ్చింది. తను యాక్సిలరేటర్ తొక్కిందని ఊరంతా చెప్పింది నేనే. అక్కడ ఏం జరిగిందో నేను చూడను కూడా చూళ్లేదు."

కిటికీ దగ్గర్నుంచి సన్నగా ఓ గొంతు వినిపించింది.

"అయితే నేను తొక్కింది బ్రేకేనా?"

తిడుతుందనుకున్నాడు. ఉమ్మేసినా పడి ఉందామనుకున్నాడు. ఆవిడ మాత్రం లెక్క సరిగ్గా చేశానో లేదో అని అడిగే చిన్నపిల్లలా అడిగింది. మాస్టారికి ఏడుపు తన్నుకొచ్చింది.

"బ్రేకేనమ్మా. నువ్వు తొక్కింది బ్రేకే."

ఆవిడ కిటికీ ఊచకి నుదురు ఆనించి కళ్లు మూసుకుంది. ఆవిడని చూస్తూ ఉండిపోయిన మాస్టారికి ఆవిడ తండ్రి లేవడం తెలియలేదు. తలుపు చప్పుడైతే అప్పుడు చూశాడు. వడ్రంగి బెంచీ ఖాళీగా ఉంది.

"నాన్నా!" అంది టీచరమ్మ. వరండాలో అడుగులు ఆగలేదు.

నర్సమ్మ లేచింది. "అమ్మా, నువ్వాగు. నిన్ను చూస్తే ఇంకా కుంగిపోతాడు" అని, మాస్టారి వైపు తిరిగింది. "మధ్యలో లేచి వెళ్లినవాణ్ణి మేం ఒంటరిగా వదలం. ఎవరి మాటకి లేచాడో వాళ్లే వెనక వెళ్లాలి. ఇక్కడి పద్ధతి అది."

"నన్ను చూస్తే చంపేస్తాడండి."

"చంపితే మేం వస్తాం. ముందు వెళ్లు."

మాస్టారు పరుగెత్తాడు. వడ్రంగి తల వంచుకుని విసవిసా నడుస్తున్నాడు. డిపో దాటాడు, మలుపు తిరిగాడు. ఎక్కడికో అడగక్కర్లేదు. ఆ మలుపు మాస్టారి కాళ్లకి కళ్లు మూసినా తెలుసు. పిలుద్దామంటే ఏమని పిలవాలి? క్షమించమనాలా? ఆగమనాలా? ఆగమని చెప్పే మొహమేనా తనది?

వడ్రంగి మందు షాపు లోపలికి వెళ్లాడు. మాస్టారు గుమ్మం దగ్గర ఆగి, ఆయాసం తీర్చుకుని, తనూ వెళ్లాడు. నిలబడి తాగే పొడవాటి బల్ల, తడి గ్లాసుల వాసన. కౌంటర్లో ఉన్నవాడు వడ్రంగి భుజం మీదుగా చూసి పళ్లికిలించాడు.

"రండి రండి మాస్టారూ! ఇవాళ ఆలస్యమైందే. ఎప్పటిదేనా?" అంటూ అడక్కుండానే గ్లాసు తీసి బల్ల మీద పెట్టేశాడు. పోసేశాడు కూడా. "ఈయన మీతోటేనా?"

వడ్రంగి వెనక్కి తిరిగాడు. కళ్లు ఎర్రబడ్డాయి. మాస్టార్ని చూశాడు, గ్లాసుని చూశాడు.

"నాతోటే" అన్నాడు కౌంటరతనితో. "ఇంకో గ్లాసు పెట్టు."

రెండో గ్లాసు వచ్చింది. వడ్రంగి దాన్ని తన వైపు లాక్కున్నాడు. మొదటి దాన్ని వేలితో మెల్లగా మాస్టారి ముందుకు నెట్టాడు.

"ముందు నువ్వు తాగు. నా కూతురి పక్కన కూర్చోబోయే ముందు ఎలా తాగావో నా కళ్లతో చూడాలి. నువ్వు తాగితే నేనూ తాగుతాను."

"వద్దండీ..."

"తాగకపోతే చెప్పు, ఇవాళ ఎందుకు తాగవు? ఆ రోజెందుకు తాగావు? రెండూ చెప్పు. నాకు నచ్చేలా చెప్తే ఈ గ్లాసు ముట్టుకోను." అని ఆయన తన గ్లాసు చేతిలోకి తీసుకుని, పెదవుల దాకా తెచ్చి ఆపాడు.

మాస్టారు నోరు తెరిచాడు. ఊళ్లో అందరికీ చెప్పగలిగిన అబద్ధాల్లో ఒక్కటి కూడా ఆయన నోటికి రాలేదు.